అక్క చెలకలో పెంకలు

మా అక్కవాళ్ళ చెలక, ఎర్రటి మెట్టనేల, పాలకీడు నుంచి మూసీ వైపు పోయే దారిలో ఉంది. కొడుకు కోదాడలో దుకాణం పెట్టుకున్నాక అక్కా బావా కూడా అక్కడికే చేరారు. కానీ బావ వ్యవసాయం వదల్లేదు. వారంలో సగం రోజులు బస్సెక్కి వచ్చి చెలక చూసుకొని పోతాడు. నేను సూర్యాపేటలో సోషల్ టీచర్‌గా చేసి రిటైరయ్యాను. రిటైరైన ఏడాది పెసరకాయ తెంపడానికి రమ్మని అక్క ఫోన్ చేస్తే వెళ్ళాను. కూలోళ్ళు దొరకనప్పుడే నేను గుర్తొస్తాను ఆమెకు. అయినా వెళ్ళాను.

పెసర సాళ్ళ మధ్య నడుస్తుంటే చెప్పు కింద ఏదో పటుక్కుమంది. వంగి చూస్తే కుండ పెంక. ఎర్రటి మట్టి, మూతి అంచు కింద సన్నటి గీత. ఇంకొంచెం ముందుకు పోతే ఇంకొకటి, దానిమీద వేలిగోటితో నొక్కినట్టు వరసగా గుర్తులు. పొద్దు వాలేసరికి నా సంచిలో పెసరకాయ కంటే పెంకలే ఎక్కువున్నాయి. బావ సంచి ఎత్తబోయి బరువుకు ఆగి, లోపల చెయ్యి పెట్టి చూశాడు.

"ఏం మరదలా, గీడనే వంట జేస్తవా? కుండ దొరికింది గాని దాన్ని అతికేటోడు యాడ దొరుకుతడు?"

పక్క ఊరి నుంచి వచ్చిన ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు. అక్క కూడా నవ్వింది. ఎవరు ముందు నవ్వారో, ఎవరు చివర ఆపారో ఇప్పటికీ చెప్పగలను. నా స్వభావం అట్లాంటిది.

ఆ పెంకలను నేను ఎందుకంత పట్టుకున్నానో చెప్పాలి. మా మూసీ లోయ చరిత్ర మాకు రెండు ముక్కలుగా దొరుకుతుంది. మొదటి ముక్కలో బౌద్ధ విహారాలు, ఇటుక స్తూపాలు. తిరుమలగిరి వైపు గుట్ట మీద వాటిని తవ్వి తీశారు, జనం పోయి చూసి వస్తారు. రెండో ముక్కలో కాకతీయుల చెరువులు, గుళ్ళు. ఈ రెంటి నడుమ కొన్ని వందల ఏళ్ళున్నాయి. ఆ ఏళ్ళలో రాజుల పేర్లు రాగిరేకుల మీద కొన్ని దొరుకుతాయి. మనుషులు మాత్రం దొరకరు. వాళ్ళు ఎక్కడ ఇళ్ళు కట్టుకున్నారు, ఏం పండించారు, ఎట్లాంటి కుండలో వండుకున్నారు అని ఎవరూ పెద్దగా తవ్వి చూడలేదు. బడిలో ఆ పాఠం వచ్చినప్పుడల్లా మేము ఒక గట్టు మీంచి ఇంకో గట్టు మీదికి దూకినట్టు దూకేవాళ్ళం. ఒకసారి తనిఖీకి వచ్చిన ఆయనతో ఈ మాట అంటే, పిల్లల ముందరే, "సిలబస్‌లో ఉన్నది చెప్పండి చాలు టీచర్" అన్నాడు.

నా పెంకలు విహారాల దగ్గర పెట్టెల్లో పెట్టినవాటిలా లేవు. కాకతీయుల నాటివని చూపించేవాటిలా కూడా లేవు. అంటే అవి ఆ నడిమి కాలానివే అయి ఉండాలి. ఎవరూ పట్టించుకోని మనుషులు మా అక్క చెలకలో ఉండి పోయారని నాకు నమ్మకం కుదిరింది. ఆ తర్వాత ఏ పని ఉన్నా లేకున్నా పాలకీడు బస్సెక్కేదాన్ని. మా ఇంట్లో మంచం కింద సంచులు నిండాయి.

ఆ రోజుల్లోనే మిర్యాలగూడలో ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర సదస్సు జరిగింది. పిలుపు లేకున్నా వెళ్ళాను. అక్కడ మాట్లాడిన ఒక పరిశోధకుడు సరిగ్గా నా నడిమి కాలం గురించే మాట్లాడాడు. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల నుంచి సముద్రం వైపు దిగే ఎండు లోయలున్నాయట. అట్లాంటి ఒక లోయలో కూడా పేరున్న రెండు కాలాల నడుమ ఎవరూ చదవని కాలం ఒకటి మిగిలిపోయిందట. గోపురాలు, బంగారం లేవని దాన్ని ముందు ఎవరూ తవ్వలేదట. ఇప్పుడు పొయ్యిల చుట్టూ పడేసిన చెత్త, పగిలిన వంటకుండలు చూసి దాన్ని చదువుతున్నారట. "మన మూసీ కింది లోయకు కూడా అట్లాంటి పని కావాలి" అన్నాడాయన. నాకు తెలియకుండానే పైకే అవునన్నాను, పక్కన కూర్చున్నామె నావైపు చూసింది.

భోజనాల వేళ సంచి తీసుకొని ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆయన రెండు మూడు పెంకలు తిప్పి చూశాడు. అంచు మీద వేలు రాశాడు.

"బాగున్నాయి. కానీ చెలక మీద ఏరినవాటిని బట్టి ఏమీ చెప్పలేమమ్మా" అన్నాడు.

అమ్మా అన్నాడు. వేదిక మీద ఉన్న ఆడవాళ్ళందరినీ మేడం అన్నాడు, నన్ను అమ్మా అన్నాడు. దానికీ మనసు నొచ్చుకుంది. అయినా ఆయన ఫోన్ నంబర్ తీసుకున్నాను, విడిచిపెట్టలేదు. అంచుల ఫొటోలు, గీతల ఫొటోలు పంపుతూ వచ్చాను. చూసినట్టు గుర్తు పడేది, జవాబు వచ్చేది కాదు.

తర్వాతి ఎండాకాలం చివర బావ చెలకకు ఎత్తిపోతల నీళ్ళు అందే దారి పడింది. పెళ్ళైనప్పటి నుంచీ ఆ ఎర్ర చెలకలో పెసరా కందీ తప్ప ఎరగని మనిషి, డోజర్ పెట్టి సదును చేయించి వానకాలానికి వరి నాటుతానన్నాడు. పక్క రైతు మడిలో నారు కూడా పోసుకున్నాడు. సంగతి తెలిసి నేను కోదాడ పోయాను.

"బావా, జర ఆగు. ఒక్కసారి ఎవరన్న వచ్చి తవ్వి చూసేదాంక ఆగు."

"ఎవరొస్తరు?"

"వస్తరు. నేను తెప్పిస్త."

"నీ పెంకల కోసం నేను జీవితమంత మెట్టలనే చావాల్నా?"

అక్క వంటింట్లోంచి వచ్చింది. కోదాడ పోయాక ఆమె మాట ఆంధ్రా వైపు తిరిగింది, అది కూడా నాకు నచ్చదు. "ఒక్క పంట వరి పండించుకోనివ్వవే. ఆయన ఎప్పట్నించో అనుకుంటున్నాడు" అంది.

"వరి మళ్ళా పండుతది. అది పోతే మళ్ళ రాదు."

బావ కాసేపు నన్ను చూసి, కొడుకు వైపు తిరిగి కన్నుగీటాడు. "సరే, ఒక పని జెయ్యి. డోజర్ ముందల నువ్వే నడువు, పెంకలేరుకుంట. డ్రైవర్‌కు పుణ్యానికి క్లీనర్ దొరికినట్టయితది."

కొడుకు నవ్వాడు. కోడలు కొంగు అడ్డం పెట్టుకుంది. నా ముందు పెట్టిన టీ ముట్టకుండా లేచాను. సూర్యాపేట చేరేసరికి ఫిర్యాదు మొత్తం మనసులో తయారైంది. తహసీల్ ఆఫీసులో ఇచ్చాను, కలెక్టరేట్‌లో ఇచ్చాను, పురావస్తు శాఖకు పోస్టు చేశాను. చారిత్రక స్థలాన్ని ధ్వంసం చేస్తున్నారని రాశాను. చేస్తున్నది ఎవరో కూడా రాశాను, బావ పేరు, ఇంటిపేరుతో సహా.

నా అర్జీలకు ఎప్పుడూ కదలని ఆఫీసు ఆ ఒక్కసారి కదిలింది. డోజర్ వచ్చిన రోజే ఒకాయన వచ్చి, తేలేదాకా మట్టి కదిలించొద్దని చెప్పి పోయాడట. ఆ సాయంత్రం అక్క ఫోన్ చేసింది.

"నువ్వే కదా?"

"అవును."

"నాతో ఒక్క మాట చెప్పాల్సింది."

"చెప్పిన గద, మీ ఇంట్ల నిలబడి చెప్పిన."

అక్క ఫోన్ పెట్టేసింది. నాకు ఆ రోజు సిగ్గు కలగలేదు. సంతోషంగా అన్నం తిన్నాను.

ఆఫీసు నుంచి ఉత్తరువు నకలు తెచ్చి, ఫొటో తీసి పంపితే పరిశోధకుడు మొదటిసారి జవాబిచ్చాడు. తనూ ఆ లోయలో చోటు వెతుకుతున్నానని, చిన్న గుంత తవ్వి చూడటానికి అనుమతి అడుగుతానని అన్నాడు. అనుమతి వచ్చేసరికి ముసురు పట్టింది. బావ నారు మోకాలి వైపు పెరుగుతున్నది.

ఆయన, ఇద్దరు పనివాళ్ళు వచ్చి చెలక మధ్యలో తాడు కట్టి, మంచమంత చోట గుంత మొదలుపెట్టారు. పైన జానెడు మట్టి బూడిద రంగులో మెత్తగా వచ్చింది. దాన్నిండా పెంకలు. ఒక ఎముక ముక్క, కాలిన మట్టి బెడ్డలు, విరిగిన పూస ఒకటి. నేను గట్టు మీద నిలబడి బావ వైపు చూశాను. ఆయన తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. గెలిచానని అనుకున్నాను.

జానెడు దాటగానే మట్టి ఎర్రబడింది. దాని కింద మొరం, గరుసు నేల. పరిశోధకుడు గుంతలోకి దిగి, గుంత పక్కను పారతో నున్నగా గీసి, చాలాసేపు చూశాడు. బూడిద మట్టి, ఎర్ర మట్టి కలిసే చోట గీత గీసినట్టుంది. పొయ్యి లేదు, గోడ లేదు, గుంజ పాతిన గుంత లేదు. ఇంకొంచెం కిందికి తవ్వించాడు. ఒట్టి మొరం.

"ఇంకా లోతుకు పోతే వస్తదేమో సార్" అన్నాను.

"చూద్దాం" అన్నాడు. ఆ మాటలో ఏదో ఉంది కానీ నేను వినిపించుకోలేదు.

మధ్యాహ్నం వేప చెట్టు కింద కూర్చున్నాం. అక్క కోదాడ నుంచి కోడికూర వండి పంపింది. చెలక ఆగినా, నారు ముదురుతున్నా, వచ్చినవాళ్ళకు అన్నం పెట్టకుండా ఉండలేదు ఆమె. బావే వడ్డించాడు. పరిశోధకుడికి పెట్టాడు, పనివాళ్ళకు పెట్టాడు. నా దగ్గరికి వచ్చేసరికి గిన్నె వంచి చూసి, "మరదలా, నువ్వు ఇంటి మనిషివి. పులుసుతోని సరిపెట్టుకో" అన్నాడు.

అంతే, నాకు పాత కోపం లేచింది. పరిశోధకుడి వైపు తిరిగి మొదలుపెట్టాను.

"సూడున్రి సార్, వీళ్ళది ఎప్పుడూ గిదే మర్యాద. అక్కకు పెండ్లైన కొత్తల మా నాయన మా ఊరి నుంచి బండ్లు కట్టుకొని వీళ్ళింటికొచ్చిండు. నన్ను ముందు బండి మీద కూసోబెట్టుకొని తెచ్చిండు. ఊరంత కదిలొచ్చినట్టు బండ్ల వరస. వీళ్ళు యాట కోసిన్రు. బండ్లు తోలినోళ్ళందరికి విస్తర్లేసి కూర పెట్టిన్రు. ఎడ్లకు సుత బెల్లం పెట్టిన్రు. ఆఖరికి నేను కూసుంటే గిన్నెల పులుసు మిగిలింది. ఎడ్లకు బెల్లం పెట్టినోళ్ళు నాకు నల్లిబొక్క సుత పెట్టలే."

పనివాళ్ళు నవ్వారు. బావ కూడా నవ్వాడు, ఈ కథ ఆయన ప్రతి పెళ్ళిలో విన్నదే. పరిశోధకుడు నవ్వలేదు. చేతిలో ముద్ద అట్లాగే ఉంచి అడిగాడు.

"అన్ని బండ్లు ఎందుకు వచ్చాయమ్మా?"

"మన్ను తోలెతందుకు."

"ఏం మన్ను?"

నోరు తెరిచాను. మాట బయటికి వచ్చేలోపే నాకు అర్థమైంది.

మా వైపు ప్రతి పాత ఊరి పక్కా ఒక పాటిగడ్డ ఉండేది. ఎప్పుడో జనం ఉండి, విడిచిపోయిన చోటు. గోడలు కూలి, పొయ్యి బూడిద, పేడ, తిండి మిగులు అన్నీ కలిసి దిబ్బయిన చోటు. ఆ మన్నుకు బలం ఎక్కువ. ఎండాకాలం వచ్చిందంటే రైతులు ఆ గడ్డను తవ్వి బండ్లకెత్తి చేలకు తోలుకునేవాళ్ళు. దానితోపాటు పెంకలు కూడా చేలల్లో పడేవి. ఇది నాకు తెలియని సంగతి కాదు. పాటిమన్ను అనే మాట పలక పట్టకముందే తెలుసు.

"పాటిమన్ను" అన్నాను.

బావ గిన్నె కింద పెట్టాడు. ఆయన మొహంలో ఎక్కిరింపు కోసం వెతికాను, లేదు. ఆయనకూ అప్పుడే గుర్తొచ్చినట్టుంది. "అవును... మామ తోలించిండు" అన్నాడు మెల్లగా. "ఎర్ర చెలక, ఏం పండదు, బిడ్డ ఇబ్బంది పడ్తదని తోలించిండు. ఆ యేడు కంది మనిషెత్తు పెరిగింది."

పరిశోధకుడు చేయి కడుక్కొని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "పెంకలు మీరనుకున్న కాలానివే కావచ్చు. కానీ ఇక్కడివి కావు" అన్నాడు. కోప్పడలేదు. కోప్పడితే దాన్ని మనసులో పెట్టుకొని బతికేదాన్ని.

"మీ ఊళ్ళో ఆ గడ్డ ఇంకా ఉందా?" అని అడిగాడు.

అప్పుడే బయలుదేరి వెళ్ళాం. మా ఊరు మూసీకి అవతల, మిర్యాలగూడ వైపు. మా వాళ్ళెవరూ ఇప్పుడక్కడ లేరు. గడ్డ ఉన్న చోట ఒక రైస్ మిల్లు ధాన్యం ఆరబోసే కళ్ళం ఉంది, చదునుగా, సిమెంటు పోసి. చుట్టూ ఇళ్ళు. సిమెంటు అంచున గీకి చూస్తే ఎర్రమట్టే. పరిశోధకుడు అటూ ఇటూ తిరిగి వచ్చి, గడ్డ ఎంత ఎత్తుండేది, ఏ వైపు నుంచి తవ్వేవాళ్ళు, రాళ్ళు గానీ ఇటుకలు గానీ కనిపించేవా అని ఒక్కొక్కటే అడిగాడు.

నేను దేనికీ జవాబు చెప్పలేకపోయాను. చిన్నప్పుడు దాని మీద ఆడుకున్నాను. ఎంత ఎత్తుండేదో తెలియదు. ఆ రోజు బండ్లు నింపుతుంటే పక్కనే ఉన్నాను, మన్నులోంచి ఏం బయటపడిందో చూడలేదు. ముందు ఎవరి విస్తట్లో కూర పడిందో, రెండోసారి ఎవరు పెట్టించుకున్నారో, అక్క అత్తగారు నా వైపు చూసి ఎట్లా మొహం తిప్పుకుందో చెప్పమంటే అన్నీ చెప్పగలను. ఒక మనిషి ఇంతదూరం వచ్చి అడుగుతున్నది మాత్రం నా దగ్గర లేదు. ఎవరూ పట్టించుకోని కాలమని ఊరంతా అరిచాను. ఆ కాలం నా కాళ్ళ కింద ఉన్నప్పుడు నేను పట్టించుకున్నది పులుసు.

ఆయన నన్ను సూర్యాపేటలో దింపి, సంచులు ఇస్తారా అని అడిగాడు. ఇచ్చాను. ఇస్తున్నప్పుడు కూడా, వాటి మీద నా పేరు రాస్తాడో లేదో అని ఒక్క క్షణం అనుకున్నాను. అట్లా అనుకున్నందుకు ఇంకొంచెం చిన్నదాన్నయ్యాను.

మర్నాడే తహసీల్ ఆఫీసుకు పోయి ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. ఆపినంత తొందరగా విడిపించరని నాకు తెలియదు. పురావస్తు శాఖ నుంచి మాట రావాలన్నారు. పరిశోధకుడి చేత చెప్పించాను. రోజూ పోయి బల్ల ముందు నిలబడ్డాను. నా ఫిర్యాదును తీయించుకోవడానికి నేనే తిరుగుతున్నానని ఆఫీసులో అందరికీ తెలిసిపోయింది. ఒకాయన నన్ను చూడగానే, "మేడం, ఈసారి ఎవరి మీద?" అన్నాడు. నా కాగితం ఎక్కడిదాకా వచ్చిందో చూడమని అడిగాను.

ఉత్తరువు వచ్చేనాటికి నాట్లు అయిపోయాయి. బావ నారు ముదిరి గంటు పడి, నాటడానికి పనికిరాకుండా పోయింది. కోసి బర్రెలకు వేశాడని అక్క కొడుకు చెప్పాడు. చెలక ఆ వానకాలమంతా ఖాళీగా, మధ్యలో గుంతతో ఉంది. కందికి కూడా అదును దాటింది.

కోదాడ వెళ్ళాను. క్షమించమని అడగడం నాకు రాదు, ఎన్నడూ అడగలేదు. అక్క తలుపు తీసి, లోపలికి రమ్మని, టీ పెట్టింది. తాగాను. బావ పేపర్ చదువుతున్నాడు. ఏదో ఒక మాట అంటాడని, పెంకల మరదలని, క్లీనరని, ఏదో ఒకటి అంటాడని ఎదురుచూశాను. ఆయన నన్ను, "బస్సు దొరికిందా?" అని అడిగాడు. చుట్టాన్ని అడిగినట్టు అడిగాడు. అంతకంటే పెద్ద శిక్ష వేయడం ఆయనకూ రాదు.

"బావా, యాసంగికి నాటుతవా?"

"సూడాలె."

"నేను వస్త. డోజర్ పెట్టిన దినం."

"ఎందుకు?" అన్నాడు. ఆ ఒక్క మాటలో భయం ఉంది. మా బావ నాకు భయపడటం నేను అప్పుడు చూశాను.

చలికాలంలో, యాసంగి నాట్ల ముందర డోజర్ మాట్లాడారు. అక్క ఫోన్ చేసి రమ్మంది, ఈసారి కూలోళ్ళు దొరక్క కాదు. నేను చెలక చేరేసరికి డోజర్ గట్టు పక్కన ఆగి ఉంది. డ్రైవర్ సీటు మీద కూర్చొని ఉన్నాడు, ఇంజన్ కదిలించలేదు.

"ఏమైంది?" అన్నాను.

బావ భూమి వైపు చూశాడు. డ్రైవరే చెప్పాడు. "మేడం చెప్తెనే స్టార్ట్ జేస్త. పోయినసారి గీడికొచ్చి ఉత్తగ తిరిగిపోయిన. మళ్ళ నా బండి మీద అర్జీ పెడితే నేను యాడ తిరగాలె?"

"పెట్టను. నడుపు బాబూ."

"గట్ల కాదు మేడం." జేబులోంచి ఫోన్ తీసి నావైపు పట్టాడు. "గీ ఫోన్ల చెప్పున్రి. రేపు అడిగితే సూపిస్త."

చుట్టుపక్కల చేలవాళ్ళు వచ్చి నిలబడ్డారు. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండునని మొదటిసారి అనుకున్నాను. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నన్నే చూస్తోంది. ఫోన్‌లో నా మొహం కనిపిస్తోందో ఏమో, డ్రైవర్ కొంచెం దగ్గరికి జరిగాడు.

"ఈ చెలకల ఏం లేదు" అన్నాను. వినబడలేదన్నట్టు డ్రైవర్ చెవి చూపించాడు. మళ్ళీ అన్నాను. "ఈ చెలకల ఏం లేదు. గీ పెంకలు మా నాయన తోలిన మన్నుల వచ్చినయి. నేను తెల్వక అర్జీ పెట్టిన. సదును జేసుకోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు."

డ్రైవర్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. డోజర్ కదిలింది. బూడిద మన్ను, ఎర్ర మన్ను కలిసి దాని ముందు చుట్ట చుట్టుకుంటూ పోయాయి. గుంత కప్పబడింది. నేను పక్కన నడుస్తున్నాను. మట్టి విరిగిన చోట ఒక అంచు పైకి తేలింది, ఇంతకుముందు నాకు దొరకనిది, వెడల్పుగా, లోపలి వైపు మసి పట్టి. చెయ్యి దానంతటదే పోయింది. వంగి తీసుకున్నాను.

ఇంజన్ ఆగిపోయింది. తలెత్తితే డ్రైవర్ నా చేతివైపే చూస్తున్నాడు. వెనక బావ కూడా నిలబడిపోయాడు, తలగుడ్డ చేతిలో పట్టుకొని.

పెంకను ఉన్నచోటనే పెట్టాను. చేతులు దులుపుకొని, గట్టు దాటి, పక్క చేను దాకా పోయి, వాళ్ళకు నా వీపు కనిపించేటట్టు నిలబడ్డాను. కొంతసేపటికి డోజర్ మళ్ళీ కదిలింది.